ఓబీడీ అడాప్టర్‌తో నాలుగేళ్లు: మా పాత కారు ఐడ్లింగ్ ఎలా దారికొచ్చింది

మా కారు 2013 చివర్లో కొన్నది. పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, ఇప్పటికి 1,26,000 కిలోమీటర్లు తిరిగింది. బెంగళూరులో కేఆర్ పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసు, పండగలకు అనంతపురం, అన్నీ అందులోనే. 2021లో దానికి ఐడ్లింగ్ జబ్బు పట్టుకుంది, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు నిలకడ పోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 600కి దిగేది, 1,000కి ఎక్కేది, మళ్లీ దిగేది. ఏసీ వేస్తే ఒక్కోసారి ఇంజన్ ఆగిపోయేది. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో వెనక బస్సు హారన్ కొడుతుంటే బండి మళ్లీ స్టార్ట్ చేసుకోవడం ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

గ్యారేజీలో ముందు ప్లగ్‌లు మార్చారు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజన్లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. ప్రతిసారీ వారం పది రోజులు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. మూడోసారి వెళ్తే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి, 14 వేలవుతుంది అన్నారు. వాళ్ల స్కానర్ పెట్టి చూస్తే, లోపం ఉంటే కారు కంప్యూటర్ నమోదు చేసే కోడ్ ఒక్కటీ లేదు. కోడ్ లేకుండా అంత ఖర్చు పెట్టడానికి మనసొప్పలేదు. అప్పుడు కొన్నదే ఈ బ్లూటూత్ అడాప్టర్. కారు తన లోపాలను తానే కనిపెట్టుకునే ఏర్పాటును ఓబీడీ అంటారు. దాని పోర్టులో దీన్ని గుచ్చితే కారు కంప్యూటర్ చెప్పేవన్నీ ఫోన్‌లోని యాప్‌లో కనిపిస్తాయి.

నిజానికి ఇది రెండోది. మొదట మూడొందలకు ఒకటి కొంటే అసలు కనెక్టే కాలేదు. ఈ అడాప్టర్లన్నిటికీ మూలం కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్ఎం327 అనే చిప్. మార్కెట్లో చవకగా దొరికేవి దాదాపు అన్నీ దానికి నకళ్లే. రెండోది 1,100 పెట్టి కొన్నాను, ఇదీ నకలే, కానీ నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొనకండి, దానితో కలవదు. వైఫై రకమో, బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ) రకమో తీసుకోవాలి. కారు ఎప్పటిదో కూడా చూసుకోండి. మన దేశంలో ఓబీడీ రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో కొన్నిటికి ఈ అడాప్టర్ పలుకుతుంది, కొన్నిటికి పలకదు.

దీన్ని కోడ్‌లు చదవడానికే కొంటే నిరాశే మిగులుతుంది. నా కారు ఏడాది పాటు సతాయించినా ఇంజన్ లైటు ఒక్కసారీ వెలగలేదు. దీని విలువంతా ఇంజన్ నడుస్తుండగా కనిపించే అంకెల్లో ఉంది. అందులోనూ ముఖ్యంగా ఫ్యూయల్ ట్రిమ్. సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ ఎక్కువ పడుతోందో తక్కువ పడుతోందో చెబుతుంటే, దాన్ని బట్టి కంప్యూటర్ ఇంజెక్టర్లకు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ దిద్దుబాటు శాతమే ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే పెట్రోల్ కలుపుతోంది, మైనస్ అంటే కోస్తోంది. షార్ట్ టర్మ్ అంటే ఈ క్షణానిది, లాంగ్ టర్మ్ అంటే అది నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది. రెండూ కలిపి పది శాతం లోపు ఉంటే సాధారణంగా కంగారు లేదు. చాలా బండ్లలో 20, 25 దాటి కొంతకాలం అలాగే ఉంటేగానీ కోడ్ పడదు. కోడ్ పడకపోయినా బండికి జబ్బు ఉండొచ్చు అనడానికి ఇదే కారణం.

ఇక్కడ నేను ఓ నెల తప్పుదారి పట్టాను. వాక్యూమ్ లీకుంటే, అంటే ఇంజన్లోకి ఏ సందులోంచో అదనపు గాలి చొరబడుతుంటే, ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉంటుంది, 2,500 ఆర్‌పీఎంకి తీసుకెళ్తే తగ్గిపోతుంది అని అందరూ చెప్పే సూత్రం. అది సరైనదే, కానీ లోపలికొచ్చే గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న ఇంజన్లకు. నా బండిలో ఉన్నది మ్యాప్ సెన్సర్, అంటే సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో (మానిఫోల్డ్) పీడనాన్ని కొలిచేది. దొంగదారిన వచ్చిన గాలి కూడా ఆ పీడనంలో కలిసిపోతుంది కాబట్టి కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ ఇచ్చేస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలదు. ఇలాంటి బండ్లలో చూడాల్సింది మ్యాప్ అంకెనే.

ముందు సెన్సర్ నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి చూస్తే అది బయటి గాలి పీడనం చూపించాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ 91 కిలోపాస్కల్ వచ్చింది. మా అక్కావాళ్లింటికి చెన్నై వెళ్లినప్పుడు చూస్తే 101. సెన్సర్ బాగానే ఉందన్నమాట. ఇక వేడెక్కిన ఇంజన్, ఏసీ ఆఫ్, ఐడ్లింగ్‌లో 30 నుంచి 35 మధ్య ఉండాల్సింది నాకు 44 చూపిస్తోంది. ఎక్కడో అదనంగా గాలి వెళ్తోందని అప్పుడు తేలింది.

కానీ ఎక్కడ? ఒక నోట్‌బుక్‌లో రోజూ అంకెలు రాయడం మొదలుపెట్టాను. ట్రిమ్ ఒక్కోరోజు ప్లస్ 3, ఒక్కోరోజు మైనస్ 18. రెండు వారాల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే మైనస్‌లన్నీ ట్యాంకు నింపించిన రోజులవే! ఆ రోజు రాత్రి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు గుళికలున్న ఒక డబ్బాలో నిలుస్తుంది, దాన్నే క్యానిస్టర్ అంటారు. పర్జ్ వాల్వ్ అనే చిన్న కవాటం తెరుచుకుని ఆ ఆవిరిని అప్పుడప్పుడు ఇంజన్లోకి పంపుతుంది. అది మూసుకోకుండా ఇరుక్కుపోతే ఎప్పుడూ తెరిచిన తలుపే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆవిరి ఎక్కువ వస్తుంది, కంప్యూటర్ పెట్రోల్ కోస్తుంది. ఆవిరి అయిపోయాక వచ్చేది ఒట్టి గాలి. ఎటూ నిలకడ లేదు కాబట్టే ముల్లు ఊగుతోంది.

మరుసటి రోజు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వాల్వ్‌కి క్యానిస్టర్ వైపు నుంచి వచ్చే పైపు ఊడదీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసి ఉండాలి, వేలికి ఏమీ తెలియకూడదు. నాకు గట్టిగా లాగింది. వేలు అలాగే అదిమి ఉంచితే ఊగుతున్న ఇంజన్ నెమ్మదించింది. బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్‌లో కొత్త వాల్వ్ 1,350 పడింది. రెండు పైపులు, ఒక కనెక్టర్, పది నిమిషాల పని. ఐడ్లింగ్ 760 దగ్గర నిలిచింది, మ్యాప్ 33కి దిగింది.

పాత వాల్వ్‌ని తెల్లకాగితం మీద తడితే నల్లటి పొడి రాలింది, బొగ్గు గుళికలు చితికిన పొడి. దీనికి కారణం నా అలవాటే అయ్యుంటుందని నా నమ్మకం. బంకులో నాజిల్ దానంతటది ఆగిపోయాక కూడా "రౌండ్ ఫిగర్ చేసెయ్ అన్నా" అని ఇంకో యాభై, వంద రూపాయలది పోయించేవాణ్ని. అలా నింపితే ఆవిరి వెళ్లాల్సిన దారిలోకి పెట్రోలే వెళ్లి క్యానిస్టర్ పాడవుతుంది. ఇప్పుడు నాజిల్ ఆగితే అక్కడితో సరి.

అడాప్టర్‌లో లోపాలు లేకపోలేదు. పది అంకెలు ఒకేసారి పెడితే అన్నీ నత్తనడకే. ఐడ్లింగ్ ఊగడం గ్రాఫ్‌లో పట్టుకోవాలంటే ఆర్‌పీఎం, మ్యాప్, షార్ట్ టర్మ్ ట్రిమ్, ఈ మూడే పెట్టుకోండి. ఇంకోటి, పోర్టులోనే వదిలేయకండి. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాల తర్వాత వస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బండి ఆగి ఉన్నా ఇది 40 మిల్లీఆంపియర్లు లాగుతోంది. వాడగానే తీసి డ్యాష్‌బోర్డ్ డబ్బాలో పెట్టేయాలి.

నోట్‌బుక్ ఇప్పటికీ రాస్తున్నాను, నెలకోసారి. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 2 నుంచి ప్లస్ 6కి చేరింది. ఇథనాల్ ఎక్కువైతే అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి కాబట్టి ఇది జబ్బు కాదు. పాత అంకెలు రాసి లేకపోతే మళ్లీ లీకేమో అని వెతుక్కుంటూ కూర్చునేవాణ్ని.

పోయిన నెల నుంచి సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మళ్లీ వణుకుతోంది. గుండె జారింది గానీ, అడాప్టర్ పెట్టి చూస్తే ఆర్‌పీఎం గీత 760 దగ్గర తిన్నగా ఉంది, మ్యాప్ 33లోనే ఉంది, ట్రిమ్ కదల్లేదు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి ఏసీ ఆపితే వణుకు సగం తగ్గుతోంది. ఇంజన్ లోపల కాదు, దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంట్ దగ్గర వెతకాలని అర్థమైంది. బానెట్ ఎత్తి టార్చ్ వేస్తే కుడివైపు మౌంట్ రబ్బరు చీలి కనిపించింది. శనివారం మార్పిస్తున్నాను.