కంబాలకొండకు రెండుసార్లు

విశాఖపట్నంలో హనుమంతవాక జంక్షన్ దాటాక ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏటి సార్, జూకా, కొండకా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. హైవేకి సముద్రం వైపు జూ, అవతల కంబాలకొండ అడవి. మా అక్కకి రెండూ ఒకటే. "చిరుత కనబడుతుందా?" అని దారి పొడవునా అడుగుతూనే ఉంది.

కనబడదక్కా! చిరుతలు ఉన్నమాట నిజమే. కానీ అవి ఎక్కువగా రాత్రిళ్ళు తిరుగుతాయి, మనల్ని రానిచ్చేది పగలు, అదీ ఒక అంచు వరకే. ఒకప్పుడు విజయనగరం సంస్థానం రాజుల చేతిలో ఉన్న ఈ అడవి 2002లో అభయారణ్యమైంది, విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. చిరుతే కావాలంటే రోడ్డు దాటి జూకి వెళ్ళడం మేలు. సోమవారం మాత్రం వద్దు, జూకి సెలవు.

మొదటిసారి ఆదివారం వెళ్ళి తప్పు చేశాం. బీచ్ రోడ్డులో దిగిన లాడ్జిలో ఆరింటికి వేడినీళ్ళన్నారు, ఎనిమిదైనా రాలేదు. మేం చేరేసరికి పదిన్నర. చెరువు దగ్గర బోటు కోసం క్యూ, పిల్లల కేకలు, ఎవరి ఫోన్లోనో పాటలు. పిట్ట అన్నది లేదు. బోటు షికారు పిల్లలకి సరదాయే, పెద్దవాళ్ళు దాని కోసమే అంత దూరం రానక్కర్లేదు.

సముద్రం కనిపించే గదిని వదులుకుని ఎండాడ వైపు మామూలు గదికి మారాం. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడే. అయితేనేం, కొండ గేటుకి దగ్గర. మంగళవారం తెరవగానే లోపలున్నాం, టిఫిను కూడా కట్టించుకునే వెళ్ళాం.

అదే దారి, కానీ వేరే అడవి. తూర్పు కనుమల పొడి అడవి కదా, శీతాకాలంలో కూడా పూర్తిగా మోడువారదు. 2014 హుద్‌హుద్‌ తుఫానుకి ఇక్కడ చెట్లు కుప్పలుగా కూలాయి. ఇప్పుడు చూసి ఆ మాట నమ్మడం కష్టం. పొదల్లో నెమలి అరిచింది. తెల్ల రిబ్బన్ లాంటి తోకతో తోకపిగిలి పిట్ట ఒకటి కొమ్మ మారింది, ఫోటో తీసేలోపే మాయం. దారికడ్డంగా సాలీడు అల్లిన గూడుకి నా మొహం తగిలింది, దాని గురించి ఇంక చెప్పను.

ఇక్కడ అటవీశాఖ వాచర్ వెంట ఉంటేనే నడక పండుతుంది. మేం దాటిపోయిన పుట్ట దగ్గర ఆయన ఆగి, పక్కనున్న బొరియ చూపించి, "రాత్రి అలుగు తవ్వింది బాబూ, చెదల కోసం" అన్నాడు. అలుగంటే ఒళ్ళంతా పొలుసులుండే జంతువు. మట్టి ఇంకా తడిగానే ఉంది. అక్క అక్కడే గొంతుక్కూర్చుని, టిఫిను సంగతి కూడా మర్చిపోయింది.