రెండున్నరేళ్లు నింపిన స్ట్రాటజీ లాగ్: నా గొడవంతా ఆ డ్రాప్‌డౌన్‌తోనే

తెలంగాణలో బీపీ కంట్రోల్ మీద మా స్టడీ, ఆరు పీహెచ్‌సీల్లో. వైద్యం మెరుగ్గా అందడానికి ఎక్కడ ఏ ప్రయత్నం (మా భాషలో స్ట్రాటజీ) చేశామో నెలనెలా ఎక్సెల్ లాగ్‌లో రాయాలి. ఇలాంటి ప్రయత్నాల్ని ఎలా నమోదు చేయాలో 2013లో ప్రోక్టర్ అనే పరిశోధకురాలి బృందం చెప్పిన పద్ధతే: ఎవరు చేశారు, ఏం చేశారు, దేన్ని మార్చడానికి, ఎప్పుడు, ఎంత మోతాదులో, ఏ ఫలితం ఆశించి, ఎందుకు. స్ట్రాటజీ పేరు మాత్రం 2015లో నిపుణులు కూర్చిన ఎరిక్ అనే జాబితాలోని 73 పేర్లలోంచి, ఎక్సెల్ గడిలో తెరుచుకునే డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోవాలి. మొదటి ఏడాది దీన్ని తెగ మెచ్చుకుని, పక్క ప్రాజెక్టు వాళ్లకి కూడా అంటగట్టాను.

రెండో ఏడాది ఒక సబ్‌సెంటర్‌లో మందుల కోసం మళ్లీ వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. లాగ్ తెరిస్తే ట్రైనింగ్ ఒకటి, రివ్యూ మీటింగ్ ఒకటి. అన్ని చోట్లా ఉన్నవే. వెళ్లి ఏఎన్ఎంని అడిగాను.

"పింఛన్లు పంచే రోజు పంచాయతీ ఆఫీసు కాడ బీపీ మిషన్ పెట్టుకొని కూసుంటున్న సార్. ముసలోళ్లంతా ఆడికే వస్తరు గదా."

ఎప్పటి నుంచి? "దసరా ముంగటి నుంచి." మేం వెళ్లింది సంక్రాంతి దాటాక! మరి చెప్పలేదేమంటే, "ట్రైనింగ్ అయిందా, మీటింగ్ అయిందా అనే అడిగిండ్రు మీరు" అంది.

నిజమే. ఫోన్ చేసేటప్పుడు డ్రాప్‌డౌన్‌లో ఉన్నవే చదివి టిక్ పెట్టేవాణ్ణి. ఆమె రిజిస్టరు వెనక అట్ట లోపల పెన్సిల్‌తో తేదీలు, పక్కనే ఎంతమందిని చూసిందో అంకెలు. మాకు లేని 'ఎప్పుడు', 'ఎంత' రెండూ అక్కడున్నాయి. పైగా మా లాగ్‌లోని తేదీలు చాలావరకు నేను నెలాఖరున గుర్తు తెచ్చుకుని వేసినవి. ఏడాదిపాటు పొగిడింది వీటినే అనుకుంటే సిగ్గేసింది.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి, ముందుగా "కొత్తగా ఏమైనా చేసిండ్రా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టాం. జాబితా తర్వాతే. మధ్యలో ఏదైనా మారితే 2021లో వచ్చిన ఫ్రేమ్-ఐఎస్ (స్ట్రాటజీల్లో చేసిన మార్పుల్ని నమోదు చేసే పద్ధతి) ప్రకారం రాస్తాం: ముందే అనుకున్నదా, అప్పటికప్పుడు చేసిందా, ఎవరు నిర్ణయించారు, ఎందుకు. మనుషులు నిజంగా చేసే పనికి ఇది దగ్గరగా ఉంది. కాకపోతే ఒక్కో విడతకి ఇద్దరం రెండు రోజులు ఫోన్‌లకే అంకితం. ఆపైన కోడింగ్ తగువులు, అంటే ఏ పనిని జాబితాలోని ఏ పేరు కింద వేయాలని. పింఛన్ రోజు బీపీ చూడటం 'సేవలందించే చోటు మార్చడం' కిందికి వస్తుందా, 'స్థానికంగా మార్చుకునే వీలు కల్పించడం' కిందికా? నా సహోద్యోగి ఇప్పటికీ ఒప్పుకోలేదు.

లాగ్ పారేయమనను. రిపోర్టుకి టేబుల్ కావాలంటే దానికి మించింది లేదు. మావి ఆరే పీహెచ్‌సీలు, ఏఎన్ఎంలందరూ ముఖపరిచయం ఉన్నవాళ్లు, కాబట్టి ఫోన్ పద్ధతి నడిచింది. నలభై ఉండుంటే నేనూ డ్రాప్‌డౌన్‌కే పోయేవాణ్ణేమో.