చిన్న వాల్వు ఆంప్: ముందు మార్చాల్సింది వాల్వా, స్పీకరా?

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా చర్చి క్వయర్లలో, చిన్న బ్యాండ్లలో గిటార్ వాయించే కుర్రాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "5 వాట్ల ఆంప్ ఉందన్నా, డ్రమ్స్ పక్కన వినపడట్లేదు. మంచి వాల్వులేస్తే సరిపోతుందా, స్పీకరే మార్చాలా?" అడిగేటప్పటికే చాలామంది ఆన్‌లైన్లో వాల్వులు (సిగ్నల్‌ని పెంచే గాజు ట్యూబులు) చూసిపెట్టుకుని ఉంటారు. ఎందుకో తెలిసిందే. పాతది పీకి కొత్తది గుచ్చడం రెండు నిమిషాల పని. పైగా ఒక మంచి 12 అంగుళాల గిటార్ స్పీకర్ పైకంతో అరడజను వాల్వులొస్తాయి.

సౌండ్ చాలకపోవడమే మీ బాధయితే వాల్వుల జోలికి పోవద్దు. స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వుగా ఒకే ఒక్క ఈఎల్84 ఉన్న (సింగిల్ ఎండెడ్) ఆంప్ ఇచ్చేది 5 వాట్ల చుట్టుపక్కలే. అందులో ఏ కంపెనీ వాల్వు వేసినా చెవికి తెలిసేంత సౌండ్ పెరగదు.

తేల్చేది స్పీకర్ సెన్సిటివిటీ. 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో స్పెసిఫికేషన్లో రాసి ఉంటుంది. జనం 8 అంగుళాలా 12 అంగుళాలా, ఎన్ని వాట్లు తట్టుకుంటుంది అని చూస్తారే గానీ ఈ అంకె చూడరు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆంప్ పవర్ రెట్టింపైనట్టే. మీ ఆంప్‌లో ఉన్న 8 అంగుళాల స్పీకర్ 91 అనుకుందాం. సెలెషన్ కంపెనీ 12 అంగుళాల స్పీకర్ జీ12ఎం గ్రీన్‌బ్యాక్ 98. తేడా 7 డెసిబెల్స్, అంటే పవర్ అయిదింతలు. అదే ఆంప్, అవే వాల్వులు. వినేవాడికి మాత్రం పాత స్పీకర్ మీద 25 వాట్లు ఇచ్చినంత సౌండ్.

సెలెషన్‌వే వింటేజ్ 30, బ్లూ రెండూ 100. లెక్కన అవే మేలనిపిస్తుంది, కానీ వింటేజ్ 30కి అప్పర్ మిడ్ (కీచుకి కాస్త కిందుండే స్వరాలు) ఎక్కువ. గోడలూ స్లాబూ తప్ప ఇంకేమీ లేని హాల్లో అది చెవిలో గుచ్చుకుంటుంది. బ్లూ మోత బావుంటుంది, ధరే గుండె ఆపుతుంది. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది కాబట్టి 5 వాట్ల ఆంప్‌ని ఎంత తిప్పినా దానికేమీ కాదు. మావైపు హాళ్ళకు అదే చాలు.

8 అంగుళాల కాంబోలో (ఆంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉండేది) 12 అంగుళాలది పట్టదు కదా అంటారు. డబ్బాని కోయొద్దు, బయట వేరే క్యాబినెట్ కట్టించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 20 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు, 10 లోతు, వెనక సగం తెరిచి. స్పీకర్ రంధ్రం దాదాపు 28 సెంటీమీటర్లు; స్పీకర్ చేతికొచ్చాక కొలిచి కోయమనండి. వడ్రంగి ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) చవకంటాడు, ఒప్పుకోవద్దు. సముద్రపు తేమకి రెండు వానాకాలాల్లో అంచులు ఉబ్బి బోల్టులు వదులవుతాయి.

ఓమ్స్ (స్పీకర్ కరెంటుకిచ్చే అడ్డు) తప్పొద్దు. ఆంప్ 8 అడిగితే స్పీకరూ 8దే. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్ 6, 7 మధ్య చూపిస్తుంది, అది లోపం కాదు. రెండు 8లను ప్యారలల్‌గా కలిపితే 4. గిటార్ కేబుల్‌తో స్పీకర్ కలపొద్దు. ఆంప్ నడుస్తుండగా స్పీకర్ వైర్ పీకితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) కాలే ప్రమాదముంది.

ట్రంకు రోడ్డు మైక్‌సెట్ అంగళ్ళలో దొరికే 12 అంగుళాల వూఫర్ సగం ధరకే వస్తుంది, కానీ గిటార్‌కి పనికిరాదు. కోన్ బరువైనది, సెన్సిటివిటీ తక్కువ, మిడ్ దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పినాకిని రైలెక్కి చెన్నై వెళ్ళి గిటార్ స్పీకరే తెచ్చుకోండి.

మరి వాల్వు ఎప్పుడు మార్చాలి? వాల్యూమ్ కొంచెం తిప్పగానే గరగర వస్తుంటే, మీక్కావలసింది శుభ్రమైన సౌండైతే, మొదటి ప్రీఆంప్ వాల్వు (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచేది) మార్చండి. మామూలుగా అక్కడ ఉండే 12ఏఎక్స్7 గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) 100, 5751ది 70, 12ఏటీ7ది 60, 12ఏవై7ది 45 దాకా, 12ఏయూ7ది 20 లోపు. సాకెట్ ఒకటే, పిన్నులూ అవే. క్వయర్‌కి 12ఏవై7 సరిగ్గా కుదురుతుంది. నాబ్ ఇంకాస్త తిప్పాల్సొస్తుంది, అంతే. 12ఏయూ7 వేస్తే ప్రాణం పోయినట్టుంటుంది. 12ఏఎక్స్7లోనే కంపెనీలు మారిస్తే వచ్చే తేడా రవంతే.

ఈఎల్84 మార్చేటప్పుడు, క్యాథోడ్ బయాస్ ఆంప్‌లో (వాల్వు కరెంటుని ఒక రెసిస్టరే అదుపు చేసే రకం) సర్దాల్సిందేమీ ఉండదు గానీ కొలవడం మంచిది. 3వ పిన్నుకీ (క్యాథోడ్) ఛాసిస్‌కీ (ఆంప్ లోహపు చట్రం) మధ్య 8 వోల్టులు, క్యాథోడ్ రెసిస్టర్ 180 ఓమ్స్ అనుకోండి: కరెంట్ 44 మిల్లీయాంపులు. 7వ పిన్నుకీ 3వ పిన్నుకీ మధ్య 260 వోల్టులుంటే వాల్వులో వేడిగా పోయేది దాదాపు 11.5 వాట్లు. ఈఎల్84 హద్దు 12. రాత్రి లోడు తగ్గాక లైన్ వోల్టేజీ 250కి ఎగబాకే చోట ఇదే వాల్వు హద్దు దాటుతుంది, తొందరగా పోతుంది. అక్కడ కొత్త వాల్వుకంటే ముందు స్టెబిలైజర్ కొనండి. లోపల ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది, ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు వాల్వు రేడియోలు బాగుచేసిన మెకానిక్‌కి అప్పగించాలి.

వాల్వు పోయిందనుకున్న ఆంప్‌లో చాలాసార్లు పోయేది సాకెట్టే. ఉప్పుగాలికి పిన్నులు నల్లబడి చిటపటలొస్తాయి. ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, వాల్వుని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ లాగి, పిన్నులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మూడు నాలుగుసార్లు గుచ్చి తీయండి. గాజు పైభాగంలో వెండిలా మెరిసే పూత పాలలా తెల్లబడితే మాత్రం లోపలికి గాలి దూరినట్టే, ఆ వాల్వు పారేయాల్సిందే. ఆంప్ ఆన్‌లో ఉండగా పెన్సిల్‌తో తట్టితే స్పీకర్లో టంగ్‌మని మోగే వాల్వునీ మార్చాలి.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం 5 వాట్ల ఆంప్‌కి దండగ. బూస్టర్ పెడల్ గరగర పెంచుతుంది తప్ప సౌండ్ పెద్దగా పెంచదు.

క్యాబినెట్ వచ్చాక పాత 8 అంగుళాల స్పీకర్‌ని అమ్మేయకండి. ఎప్పుడైనా ఆంప్ మూగబోతే, ఆపి, దాన్ని తగిలించి మళ్ళీ ఆన్ చేయండి. మోగిందంటే తప్పు క్యాబినెట్ వైర్లోనో కొత్త స్పీకర్లోనో ఉన్నట్టు, వాల్వుల జోలికి పోనక్కర్లేదు.