అర సెకను పంచాయితీ: ఉబుంటు 24.04 బీటా నుంచి పదహారు నెలలు

2024 ఏప్రిల్ 12, శుక్రవారం. క్రోధి నామ సంవత్సర ఉగాది వెళ్లి మూడు రోజులైంది. బయట విజయవాడ ఎండ, లోపల టేబుల్ మీద ఎన్నికల కరపత్రాల ప్రూఫులు. మే 13న పోలింగ్. అలాంటి సమయంలో బుద్ధి ఉన్న ప్రూఫ్‌రీడర్ ఎవరూ అన్నం పెట్టే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడుదలకు ముందు పరీక్షకని ఇచ్చే బీటా ఎక్కించరు. నేను ఎక్కించాను. మరీ తెగించలేదు లెండి. డిస్కులో 60 జీబీ విడదీసి అందులో పెట్టాను, పాత ఉబుంటు 22.04 జోలికి వెళ్లలేదు. ఇది మొరాయిస్తే అందులోకి వెళ్లి కూర్చోవచ్చునని ధైర్యం.

నిజానికి ఈ బీటా ఏప్రిల్ 4నే రావలసింది. వారం వాయిదా పడి 11న వచ్చింది. ఆ వాయిదా వెనక కథ తెలియకపోతే నేను బహుశా ఆగస్టు దాకా దీని వంక చూసేవాణ్ణి కాను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద పనిచేస్తాడు. ఉబుంటుకు మూలమైన డెబియన్ ఉన్న తన యంత్రంలో ఏదో వేగం కొలుస్తూ, దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కాస్త నెమ్మదించినట్టు గమనించాడు. 0.299 సెకన్లలో అయ్యేది 0.807 సెకన్లు పడుతోంది. తేడా అర సెకను. నేనైతే ఎండకు కంప్యూటర్ కూడా బద్ధకిస్తోందనుకుని టీకి లేచేవాణ్ణి. ఆయన తీగ లాగాడు, డొంకంతా కదిలింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు దొరికింది. జియా టాన్ అనే మారుపేరుతో ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, పెత్తనం చేతికి వచ్చాక పెట్టిన తలుపు అది. మార్చి 29న సంగతి బయటపడింది.

ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ, ఆ కోడు ఎక్స్‌జెడ్‌లో చేరిన తర్వాత 24.04 కోసం తయారైన ప్యాకేజీలన్నిటినీ పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి తయారుచేసింది. బియ్యంలో ఒక్క పురుగు కనిపించిందని బస్తా మొత్తం చాటలో పోసి చెరిగినట్టు. అంత చెరిగిన బియ్యమంటే ఆ ఏడాది మొత్తంలో ఇంతకన్నా శుభ్రమైన బీటా దొరకదని నాకు అనిపించింది. ఇది శాస్త్రీయమైన వాదన కాదని ఒప్పుకుంటాను.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సుమారు 6 జీబీ ఫైలు, పెన్‌డ్రైవు, ఇరవై నిమిషాలు. కొత్త ఇన్‌స్టాలర్ చూడముచ్చటగా ఉంది, ప్రశ్నలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా అడుగుతుంది. తప్పు నాది, తొందరలో చదవకుండా అన్నిటికీ తలూపాను. అంతా అయ్యాక చూస్తే లిబ్రే ఆఫీసు లేదు. ముందుగా టిక్కు పెట్టి ఉండే ఎంపికలో బ్రౌజరు, కొన్ని చిన్న పనిముట్లు మాత్రమే వస్తాయి. ఆఫీసూ మెయిలూ కావాలంటే రెండో ఎంపిక తీసుకోవాలి. ప్రూఫులు దిద్దేవాడు అక్షరాలు చదవకుండా ముందుకు పోయాడని మా అమ్మాయి వారం రోజులు నవ్వింది.

ఇక అసలు సంగతి, తెలుగు టైపింగ్. రోజుకు ఎనిమిది గంటలు నాకు కంప్యూటర్ అంటే అదే. మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటాను, ఇక్కడ మాత్రం సర్దుకోను.

నాది ఇన్‌స్క్రిప్ట్, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక. ఎడమచేతికి అచ్చులూ గుణింతాలూ, కుడిచేతికి హల్లులు. అలవాటైతే చేతులు తబలా మీద ఆడినట్టు ఆడతాయి. ఉబుంటులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం సులువు, అమరికల్లో జాబితా నుంచి ఎంచుకుంటే చాలు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారాలంటే సూపర్ మీటా (విండోస్ గుర్తున్నది), స్పేసూ కలిపి నొక్కాలి. నొక్కగానే తెర మధ్య ఒక చిన్న పెట్టె మెరుస్తుంది, భాష మారుతుంది. చిక్కంతా ఆ మెరుపులోనే. పెట్టె మాయమయ్యేలోపు నా వేళ్లు ఆగవు. 'తెలుగు' అని కొడతాను. ఒక్కోసారి మొదటి అక్షరం గల్లంతవుతుంది, ఒక్కోసారి భాష మారనే మారదు. అప్పుడు తెర మీద వరసగా ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. ఇన్‌స్క్రిప్ట్‌లో 'తెలుగు' అంటే ఆ ఆరు మీటలే మరి. వెనక్కి చెరిపి, మళ్లీ భాష మార్చి, మళ్లీ కొట్టాలి. కరపత్రంలో వాక్యానికో ఇంగ్లీషు పేరు ఉంటుంది, పార్టీ గుర్తులూ పథకాల పొట్టి పేర్లూ అన్నీ ఇంగ్లీషే. రోజుకు ఎన్నిసార్లు మారాలో లెక్కేసుకోండి.

న్యాయంగా చెప్పాలంటే ఇది బీటా తెచ్చిన తలనొప్పి కాదు. 22.04లోనూ ఇదే తంతు, రెండేళ్లు భరించాను. ఫ్రాయిండ్ కథ చదివాక మాత్రం ఆ అర సెకను కంట్లో నలుసైంది. ఆయన అర సెకనుకు ఒక దొంగను పట్టుకుంటే నేను నా అర సెకనును ఏమీ చేయలేనా అన్న పౌరుషం పుట్టింది. రెండు సాయంత్రాలు తవ్వితే దారి దొరికింది. ట్వీక్స్ అనే ఉపకరణం విడిగా ఎక్కించి, అందులో కీబోర్డు విభాగంలోని అదనపు ఎంపికలు తెరిచి, భాష మార్పును క్యాప్స్ లాక్ మీటకు అప్పగించాను. ఒక్క మీట, పెట్టె లేదు, మెరుపు లేదు. ఎల్-జెడ్-ఎన్ బాధ ఆ రోజుతో సరి. ఇంత పనికొచ్చే వసతిని అసలు అమరికల్లో కాకుండా అటక మీద ఎందుకు దాచారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండు లిపులతో బతికే కోట్లాదిమందికి రోజూ అవసరమయ్యేది అది.

మా అమ్మాయి పద్ధతి వేరు, ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు రాస్తుంది. తన కోసం, టైపింగ్ పద్ధతులు చూసుకునే ఐబస్‌కు తోడుగా ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కించాను. వెంటనే జాబితాలో కనిపించక కంగారుపడ్డాను గానీ, ఒకసారి లాగౌట్ అయి తిరిగి వచ్చేసరికి ఆర్‌టీఎస్, పోతన పద్ధతులు రెండూ వచ్చి కూర్చున్నాయి.

అక్షరాల అందం విషయంలో ఫిర్యాదు లేదు. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటల్లో కింది ఒత్తులు తెగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా నిలిచాయి. ఫాంట్ల కోసం ఊరంతా తిరగనక్కరలేదు. తెలుగువిజయం పేరుతో ఉన్న ఒక్క ప్యాకేజీ ఎక్కిస్తే గిడుగు, మండలి, రామభద్ర, పొన్నాల అన్నీ వరసగా దిగుతాయి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో మాత్రం తెలుగు చూడకండి. అక్కడ ప్రతి అక్షరానికీ సమానమైన గడి ఇస్తారు, మన గుణింతాలూ ఒత్తులూ ఆ గడుల్లో ఇమడక విరిగి పడతాయి. తెలుగు పేర్లున్న ఫైళ్లను నేను ఫైల్స్ అనే ప్రోగ్రామ్‌లోనే వెతుక్కుంటాను. ఈ వెర్షన్‌తో వచ్చిన గ్నోమ్ 46 అనే డెస్క్‌టాప్‌లో ఫోల్డర్లన్నిటినీ ఒకేసారి గాలించే వెతుకులాట కొత్తగా చేరింది. 'కరపత్రం' అని కొడితే మూడేళ్ల కిందటి కరపత్రాలు కూడా లేచి వచ్చాయి.

ప్రెస్సుతో పేచీ దీనితో తీరేది కాదు. అక్కడ ఇంకా పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు. నేను యూనికోడ్‌లో పంపింది అక్కడ తెరిస్తే ఆపరేటర్ ఫోను చేసి, "మాస్టారూ, మీ ఫైలు నిండా డబ్బాలే" అంటాడు. మార్చి పంపాలి, మార్చినచోట మళ్లీ ఒత్తులు చూసుకోవాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినా ఆ ఊడిగం తప్పదు.

బీటా నన్ను నిజంగా కూర్చోబెట్టింది ఒక నిఘంటువు విషయంలో. పేరు చెప్పను, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఆప్‌ఇమేజ్ రూపంలో ఇచ్చే ఒక చిన్న నిఘంటువు ప్రోగ్రామ్. రెండుసార్లు క్లిక్ చేశాను. ఏమీ జరగలేదు. తప్పు జరిగిందన్న సందేశమైనా లేదు. టెర్మినల్ నుంచి పిలిస్తే అప్పుడు నోరు విప్పింది: ఫ్యూజ్ అనే పాత లైబ్రరీ కావాలట. వెతికితే ఆ లైబ్రరీ ఉంది గానీ పేరు చివర టి64 అని తోక వచ్చి చేరింది. ఒక్క దానికే కాదు, వందల లైబ్రరీలకు అదే తోక. దీనికీ ఒక కారణం ఉంది. 32 బిట్ల లెక్కలో కంప్యూటర్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది, ఆ తర్వాత అంకెలు తిరగబడతాయి. ఆ గండం దాటడానికి కాలాన్ని 64 బిట్లలోకి మార్చే పని సరిగ్గా ఈ వెర్షన్‌లో పడింది. నా ల్యాప్‌టాప్ ముందునుంచీ 64 బిట్లదే, దానికి ఆ గండం లేదు. పేర్ల మార్పు మాత్రం ఊరందరితోపాటు దానికీ వర్తించింది. నిఘంటువు తయారుచేసినవారికి ఆ సంగతి తెలియదు.

కొత్త పేరుతో లైబ్రరీ ఎక్కించాను. నిఘంటువు ఈసారి కన్ను తెరిచి, వెంటనే మూసింది. ఇప్పుడు ఇంకో కాపలాదారు అడ్డం. ఒక ప్రోగ్రామ్ తనకంటూ విడిగా గది కట్టుకునే స్వేచ్ఛను 24.04 బాగా తగ్గించింది. పేరు నమోదైన ప్రోగ్రాములకే అనుమతి, మిగతావాటికి ఆప్‌ఆర్మర్ అనే కాపలా తలుపు తీయదు. ఇలాంటి గదుల్లోంచే సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు కన్నం వేసిన దాడులు ఇదివరకు జరిగాయి కాబట్టి ఆ కట్టడిని నేను తప్పుపట్టను. చివరికి ఆ నిఘంటువుకు అనుమతి రాసి ఇచ్చాను, నాలుగు వరసల ఫైలు. ఆ నాలుగు వరసలు తెలుసుకోవడానికి ఒక ఆదివారం పోయింది. ఇంట్లో మాంసం కూర ఉడుకుతున్న వాసన వస్తుంటే టెర్మినల్ ముందు కూర్చోవడం ఎంత శిక్షో చెప్పలేను. ఆపాలనుకున్నది ఆపండి, ఎవరు ఆపారో తెర మీద ఒక్క ముక్క చెప్పి ఆపండి. నా పంచాయితీ అంతే.

చిన్నాచితకా విషయాలు: నెట్‌ నుంచి దింపుకున్న డెబ్ అనే ప్యాకేజీ ఫైలును ఉబుంటు యాప్ సెంటర్ మొదట్లో ఇన్‌స్టాల్ చేయలేకపోయింది, తర్వాతి అప్‌డేట్లలో ఆ పని నేర్చుకుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, పొద్దున్నే మొదటిసారి తెరిచినప్పుడు నా ఎనిమిది జీబీల పాత యంత్రంలో ఒళ్లు విరుచుకుంటుంది, ఆ తర్వాత మామూలే. దానికి అప్‌డేట్ ఉన్నప్పుడు 'ప్రోగ్రామ్ మూయండి, ఇంకా 13 రోజులు' అని గడువు చెబుతుంది. మర్నాడు 12. కరెంటు బిల్లు వాడు తలుపు కొట్టినట్టే ఉంటుంది గానీ, చెప్పకుండా మూసేయడంకన్నా నయం. బ్యాటరీలో నాకు తేడా తెలియలేదు.

ఏప్రిల్ 25న అసలు విడుదల వచ్చింది. నేను చేయవలసింది ఏమీ లేకపోయింది. రోజువారీ అప్‌డేట్లు తీసుకుంటూ ఉంటే బీటా తనంతట తానే పెద్దదైంది. పోలింగ్ నాటికి నేను పాత 22.04లోకి వెళ్లింది రెండే రెండుసార్లు, ఆ రెండూ నిఘంటువు కోసమే. పాతదాని నుంచి నేరుగా మారేవారికి దారి తెరవవలసిన 24.04.1 మాత్రం ఆగస్టు 15న రావలసింది 29న వచ్చింది. అప్‌గ్రేడ్‌లో దొరికిన లోపాలు సరిచేయడానికి ఆ రెండు వారాలు. ఒక్కటే యంత్రం ఉండి, దాని మీదే పని నడిచేవారికి నేను చెప్పేది అదే: ఏప్రిల్‌లో కాదు, ఆ మొదటి సవరణ విడుదల వచ్చాక మారండి. నాలాగా 60 జీబీ ఖాళీ ఉంటే బీటాతో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఈ పదహారు నెలల్లో కెర్నల్ 6.8 నుంచి 6.11కు, అక్కడినుంచి 6.14కు దానంతటదే మారింది. ఒకసారి మారిన మర్నాడు ల్యాప్‌టాప్ మూత తీస్తే తెర నల్లగా ఉండిపోయింది. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ముందటి కెర్నల్ ఎంచుకుని నాలుగు రోజులు నడిపాను, తర్వాతి అప్‌డేట్‌తో సర్దుకుంది. ఆ నాలుగు రోజులు తప్పిస్తే పని ఆగిన రోజు లేదు. 2025 సంక్రాంతికి 22.04 ఉన్న భాగాన్ని చెరిపేశాను. ఆ స్థలంలో ఇప్పుడు మా నాన్నగారు దాచిన పాత పత్రికల స్కాన్లు ఉన్నాయి.

క్యాప్స్ లాక్ చిట్కా మాత్రం చేతికి బాగా పట్టేసింది. మొన్న ప్రెస్సులో ఆపరేటర్ సీట్లో కూర్చుని, విండోస్‌లో ఒక కవరింగ్ లెటర్ రెండు వరసలు దిద్దబోయి అలవాటుగా ఆ మీట నొక్కి, తెర వంక చూడకుండా చకచకా కొట్టాను. వెనక నిలబడ్డ ఆపరేటర్ కాసేపు చూసి నెమ్మదిగా అన్నాడు: "మాస్టారూ, ఎల్ జెడ్ ఎన్ అంటే ఏమిటండీ? అదీ పెద్ద అక్షరాల్లో!"