ఎవరికైనా తట్టేదేనా? పేటెంటు తగాదాలో అమెరికా పరీక్ష మేలా, యూరప్ పరీక్ష మేలా?

కార్ల విడిభాగాలు రూపొందించే ఇంజనీర్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. "ఈ మార్పు ఈ రంగంలో ఎవరికైనా తట్టేదే" అని ప్రత్యర్థి అడ్డం తిరిగితే, అది తేల్చడానికి ఎక్కడి పరీక్ష న్యాయంగా ఉంటుంది? అలా తట్టేదే అయితే పేటెంటు నిలవదు మరి. నా మొగ్గు యూరప్ వైపే. ఎందుకో, ప్రమాదంలో సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌ను చూస్తే తెలుస్తుంది.

కారు ఢీకొన్న కొన్ని మిల్లీసెకన్లలోనే ప్రీటెన్షనర్‌లోని పేలుడు మందు అంటుకుని వాయువు పుడుతుంది. ఒక రకంలో ఆ వాయువు వంపు గొట్టంలోని ఉక్కు గుళ్లను తోస్తుంది, గుళ్లు పళ్లచక్రాన్ని తిప్పుతాయి, బెల్టు బిగుస్తుంది. మరో రకంలో గుళ్లకు బదులు ఒకే ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది. చక్రం పళ్లు ఆ కడ్డీలోకి దిగబడి ఇరుక్కుంటాయి. వాయువు ఒత్తిడి తగ్గినా చక్రం వెనక్కి తిరగదు, బెల్టు సడలదు.

కడ్డీ రకం పేటెంటు మీదనుకుందాం. దాన్ని కొట్టేయించడానికి గుళ్ల రకంపై పాత పేటెంటు ఒకటి, మరేదో యంత్రంలో వంగే ప్లాస్టిక్ కడ్డీని చూపే పాత పత్రం ఒకటి ప్రత్యర్థి చేతిలో ఉన్నాయనుకుందాం.

అమెరికాలో ఈ వాదనకు పునాది కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కంపెనీల కేసులో 2007 నాటి తీర్పు. ముందువెనుకలకు జరిపే కారు పెడలుకు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించడంపై వచ్చిన తగాదా అది. తెలిసిన భాగాలు కలిసి తమ మామూలు పని చేస్తూ ఊహించదగిన ఫలితమే ఇస్తే అది పేటెంటుకు చాలదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పెడలు విషయంలో తీర్పు సబబే. అంతకుముందు, తెలిసిన భాగాలను కలపమన్న సూచన పాత పత్రాల్లో ఉందా అని కింది కోర్టులు బిగదీసి అడిగేవి. ఆ బిగువు పోవడమూ మంచిదే.

కానీ అదే వెసులుబాటు కడ్డీ దగ్గర ప్రమాదం తెస్తుంది. జవాబు కళ్లముందు ఉన్నప్పుడు ఏ కలయికైనా సులువుగానే కనిపిస్తుంది. ఆ పొరపాటు పడవద్దని కోర్టు హెచ్చరించింది, దాన్ని తప్పించే మెట్లు మాత్రం కట్టలేదు.

యూరప్‌లో ఆ మెట్లున్నాయి. అన్నిటికంటే దగ్గరి పాత పరికరాన్ని ఎంచుతారు, తేడా వల్ల ఒనగూడిన ఫలితం చూస్తారు, దాన్నుంచి సమస్యను రాస్తారు. ఆపై అడిగేది, ఇంజనీరు ఇలా చేయగలిగేవాడా అని కాదు, ఆ సమస్య తీర్చడానికి నిజంగా ఇలాగే చేసి ఉండేవాడా అని. నా దృష్టిలో తగాదా తేలేది ఇక్కడే. అంత బలం తగిలే చోట ఉక్కును తీసేసి మెత్తటి ప్లాస్టిక్ పెట్టమని ఆ రెండో పత్రం చెప్పిందా? పళ్లు దిగబడటాన్ని లోపంగా కాక తాళంగా వాడుకోమందా? అలా చెప్పకపోతే పేటెంటు నిలవాలి.

ఈ పద్ధతికీ బలహీనత ఉంది. సమస్యను రాసేటప్పుడే జవాబు అందులోకి జొరబడవచ్చు. "ప్లాస్టిక్‌తో చక్రాన్ని ఆపడం ఎలా?" అని రాస్తే పరీక్ష అక్కడే చెడుతుంది.

ఇదే ప్రశ్నకు మన పేటెంట్ల చట్టంలోని 2(1)(జెఎ) సెక్షన్ సాంకేతిక పురోగతితోపాటు ఆర్థిక ప్రాధాన్యాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆంధ్ర, తెలంగాణల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళ్తాయి.

ఎక్కడ దాఖలు చేసినా, పళ్లు ఎందుకు దిగబడాలో, దానివల్ల ఏం ఆగుతుందో మొదటి దరఖాస్తులోనే రాయండి. అందులో జాడే లేని ఫలితాన్ని తర్వాత చూపి యూరప్‌లో నెగ్గడం కష్టం.