పొలమా, చేనా, మాగాణా: మన ఊళ్ళ గురించి రాసేటప్పుడు ఏ మాట మేలు?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్ళ గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా కలం మీదికి వచ్చేది "పచ్చని పొలాలు". తప్పేం లేదు. కానీ ఆ పొలం తెనాలి వైపుదో ప్రత్తిపాడు వైపుదో అందులో తెలియదు. ఆ రెండు చోట్లా నేల వేరు, పంట వేరు, రైతు పడే టెన్షన్ కూడా వేరు. మన దగ్గర నేలను పిలిచే మాటలు చాలావరకు నీటిని పట్టుకుని ఉంటాయి. అందుకే నీళ్ళు ఎటునుంచి వస్తాయో చెప్పే మాటే మేలని నా గట్టి అభిప్రాయం.

పొలం అన్నిటికీ చెల్లుతుంది. "పొలం వెళ్ళొస్తా" అని గడప దాటే మనిషి నోట్లో ఆ మాట బాగుంటుంది, వర్ణనలో చప్పబడిపోతుంది. కాలవ కింద వరి పండే నేలైతే మాగాణి అనండి. తెనాలి వైపు వరి కోయకముందే, తడి ఉండగానే, మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి వరి దుబ్బుల మధ్య మినుము మొక్కలు లేత ఆకులు వేసుకుని కనిపిస్తాయి. ఆ చోటును మాగాణి అంటేనే దాని తడి తెలుస్తుంది. మెట్ట దీనికి పూర్తిగా ఎదురు. వాన మీద ఆశ పెట్టుకున్న నేల అది. అక్కడ చేను అనే మాట నిండుగా పలుకుతుంది: పత్తి చేను, కంది చేను. మిరపకు మాత్రం చేను అనేవాళ్ళూ ఉన్నారు, తోట అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మిరప తోటే ఇష్టం. నారు పోసి, నాటి, కాయ కోసేదాకా మొక్క మొక్కకూ వంగాల్సిన పంటకు ఆ మాటలో ఉన్న మక్కువ తగినదే.

సాగర్ కుడి కాలువ కింద చాలాచోట్ల మాగాణి అన్నా, మెట్ట అన్నా పూర్తిగా కుదరదు. ఒక తడి ఇచ్చి, ఆరనిచ్చి, మళ్ళీ తడి ఇస్తారు. దానికి ఆరుతడి అని చక్కటి మాట ఉంది. కథల్లో ఎందుకో కనపడదు.

ఇదంతా మాటల పట్టింపే కదా అనిపిస్తే 2015 నాటి అమరావతి రాజధాని భూసమీకరణను గుర్తు చేసుకోండి. అప్పుడు ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగిస్తామన్నారు. ఏటి ఒడ్డున ఉండే జరీబు నేల ఇచ్చినవారికి వాణిజ్య స్థలం 450 గజాలు. మొదటి ఏడాది కౌలు మెట్టకు 30,000 రూపాయలు, జరీబుకు 50,000. ఉండవల్లి, పెనుమాక లాంటి కృష్ణ ఒడ్డు ఊళ్ళలో తక్కువ లోతులోనే నీళ్ళు పడి, ఏడాది పొడవునా ఏదో ఒక పంట తీయగలిగే నేల జరీబు. అలాంటి నేలను ఉత్త పొలం అని రాసేస్తే దాన్ని ఇవ్వనన్న రైతు దేనికోసం అంత పెనుగులాడాడో చదివేవారికి అందదు.

లంక మళ్ళీ వేరు. జరీబు ఏటి పక్కన ఉంటుంది, లంక ఏటిలోనే ఉంటుంది. వరద ఒండ్రు వేసి వెళ్తుంది, ఒక్కోసారి అరటి తోటనే పట్టుకుపోతుంది. కొల్లూరు, కొల్లిపర వైపు లంకల గురించి రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేయకండి.

ఇక వాగు, ఏరు, కాలవ. వీటి తేడా పక్కన పడే క్రియల్లో ఉంది. వాగు వస్తుంది, ఏరు పారుతుంది, కాలవ వదులుతారు. ఎండాకాలం వాగులో గేదెలు మేస్తుంటాయి. పైన ఎక్కడో కుండపోత కురిస్తే "వాగొచ్చింది" అంటారు, దారి తెగిపోతుంది. కాలవ మనిషి చెప్పుచేతల్లోది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలితే వస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. బుడమేరుకు పేరులో ఏరు ఉంది, తీరు చూస్తే వాగుది, విజయవాడలో దాన్ని కాలవ అనేవాళ్ళే ఎక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో అది వాగు వచ్చినట్టే వచ్చింది. కట్టకు గండ్లు పడి సింగ్ నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. దాని గురించి రాసేవాళ్ళు వాగు అనే రాయాలని నేను పట్టుబడతాను. కాలవ అంటే ఎవరో తలుపు దించి ఆపగలరన్న ధీమా వచ్చేస్తుంది.

దారుల విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. చేలకు వెళ్ళే బండిదారిని గుంటూరు వైపు డొంక అంటారు. గుంటూరు నగరంలోనూ డొంకరోడ్డు ఉంది. పుంత అనే మాట గోదావరి జిల్లాల్లో ఎక్కువ, అక్కడి కథకు దాన్ని దాచుకోండి.

చివరిగా పల్లె, పల్లెటూరు, గ్రామం, ఊరు. గ్రామం కాగితాల మీదిది. పల్లెటూరు అన్నప్పుడు మాట్లాడే మనిషి పట్నంలో నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. పల్లె పాటలో ఇంపుగా ఉంటుంది, మాటల్లోకి వస్తే కాస్త అలంకారంగా తోస్తుంది. పండక్కి విజయవాడ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ కుర్రాడు ఫోన్‌లో "ఊరెళ్తున్నా" అనే అంటాడు. కథలోనూ వాడి చేత అదే అనిపించండి.