ప్రెస్‌ఫిట్ బీబీ కిర్రుమంటే: గ్రీజా, లాక్‌టైటా, థ్రెడ్ కప్పులా?

వానలు మొదలైతే చాలు, రోడ్ బైక్ మిత్రులది ఒకటే ప్రశ్న: "తొక్కుతుంటే కింద కిర్రుకిర్రుమంటోంది. గ్రీజు పెట్టించనా, లాక్‌టైట్ (లోహపు భాగాల మధ్య ఖాళీని నింపి పట్టి ఉంచే జిగురు) వేయించనా, బీబీనే మార్చేయనా?" బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, పెడల్ ఇరుసు తిరిగే బేరింగుల సెట్టు.

ముందు ఆ చప్పుడు బీబీదేనా చూడండి. కార్బన్ ఫ్రేమ్‌లో అది ఎక్కడో పుట్టి ఎక్కడో వినిపిస్తుంది. సీటు మీంచి లేచి తొక్కితే ఆగిపోయిందా, సీట్‌పోస్ట్‌ని అనుమానించండి. పెడల్స్ విప్పి గ్రీజు రాసి బిగించండి. చెయిన్‌రింగ్ బోల్టులూ, వెనక చక్రం బిగింపూ చూడండి. మీది థ్రెడ్ (మర) ఉన్న బీఎస్ఏ రకం బీబీ అయితే పెద్ద చర్చే లేదు. విప్పి, తుడిచి, గ్రీజు రాసి, షిమానో కప్పులను (బేరింగులు కూర్చునే గిన్నెలు) 35–50 న్యూటన్ మీటర్లకు బిగిస్తే చాలావరకు సద్దుమణుగుతుంది. కుడి కప్పు థ్రెడ్ మాత్రం ఎడమ తిప్పుడు.

అసలు తంటా థ్రెడ్ లేని ప్రెస్‌ఫిట్‌తోనే. అందులో పీఎఫ్30 రకంలో 46, బీబీ86 రకంలో 41 మిల్లీమీటర్ల రంధ్రంలోకి కప్పును నొక్కి కూర్చోబెడతారు, పట్టి ఉంచేది ఆ బిగుతు ఒక్కటే. రంధ్రం రవ్వంత పెద్దదైనా, రెండు వైపుల రంధ్రాలూ ఒకే వరుసలో లేకపోయినా, పెడల్ తొక్కిన ప్రతిసారీ కప్పు కదులుతుంది. ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఈ కొలతే.

రంధ్రం సరిగ్గా ఉంటే శుభ్రం చేసి గ్రీజుతో మళ్లీ నొక్కిస్తే చాలు, ఖర్చూ తక్కువ. వదులుగా ఉంటే మాత్రం కదలిక అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు చప్పుడు తిరిగొస్తుంది.

లాక్‌టైట్ ఆ ఖాళీని నింపుతుంది. 609 నంబరుది గట్టిది. తర్వాత విప్పుకోవాలంటే 641 నంబరుది నయం. ఆల్కహాల్‌తో జిడ్డంతా తుడిచి, రాసి, ఒక రోజు ఆరనివ్వాలి. బేరింగ్ నేరుగా లోహంలో కూర్చునే అల్యూమినియం ఫ్రేమ్ బీబీ30 రకానికి ఇది బాగా సరిపోతుంది. వరుస తప్పిన రంధ్రాలను మాత్రం ఇది సరిచేయదు. వంకరగా కూర్చున్న బేరింగ్ త్వరగా అరిగిపోతుంది. పైగా కార్బన్ ఫ్రేమ్‌లో అతుక్కున్న కప్పును సుత్తితో కొట్టి తీయడం చూస్తేనే టెన్షన్.

అందుకే కార్బన్ ఫ్రేమ్‌కి నా ఓటు థ్రెడ్ కప్పులకే. వీల్స్ మాన్యుఫాక్చరింగ్, టోకెన్ లాంటివాళ్లు చేసేవి. రెండు కప్పులూ ఫ్రేమ్ లోపల ఒకదానిలోకి ఒకటి తిరిగి బిగుసుకుని ఒకే గొట్టమైపోతాయి. దాంతో రంధ్రాల్లో కాస్త తేడా ఉన్నా బేరింగులు ఒకదానికొకటి వరుసలోనే ఉంటాయి. విప్పడానికి రెండు రెంచీలు చాలు. ధర ఎక్కువే. కొనేముందు మీ స్పిండిల్ (పెడల్ ఇరుసు) మందం 24 మిల్లీమీటర్లా, 30 మిల్లీమీటర్లా, శ్రామ్ కంపెనీ డబ్ రకం 28.99 మిల్లీమీటర్లా అన్నది చూసుకోండి.

కప్పుకి టెఫ్లాన్ టేపు చుట్టడం తాత్కాలికం. సిరామిక్ బేరింగులు ఈ చప్పుడుకి మందు కాదు.

కొత్త బైక్ కొనేవాళ్లయితే థ్రెడ్ ఉన్నదే అడగండి. 2019లో వచ్చిన డొమానే బైక్‌లో ట్రెక్ కంపెనీ టీ47 అనే థ్రెడ్ రకాన్నీ, 2020లో వచ్చిన టార్మాక్ ఎస్ఎల్7లో స్పెషలైజ్డ్ కంపెనీ బీఎస్ఏనీ పెట్టాయి.

పాత ఫ్రేమ్ ఇంకా వారంటీలో ఉంటే బోర్ గేజ్ (రంధ్రం కొలిచే పనిముట్టు)తో రెండు వైపులా కొలిపించండి. తేడా ఎక్కువుంటే ఏ బీబీ కాపాడదు. లాక్‌టైట్ రాయకముందే ఆ కొలతలు పట్టుకుని కంపెనీని ఫ్రేమ్ మార్చమని అడగండి.